కొత్త ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం మొదటిసారి ఎగరేస్తున్నారా, ముందు రోజు సాయంత్రం నుంచే మొదలెట్టండి

కొత్త విమానం లేపగానే నేల కరిచిందంటే గాలి ఎక్కువుందనో, చెయ్యింకా తిరగలేదనో అనుకుంటాం. నేను ఇన్నేళ్లలో చూసిన వాటిలో చాలా వాటికి కారణం ముందు రోజు రాత్రి టేబుల్ మీదే ఉంది, ఒకదానికి ఏలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) రివర్స్‌లో ఉన్నాయి, ఇంకోదానికి వెల్క్రో సరిగ్గా వేయక బ్యాటరీ వెనక్కి జారింది, మరోదానికి ఎండకి గ్లూ మెత్తబడి హార్న్ (ఆ పలకలని కదిపే కడ్డీ తగిలించే చిన్న కొమ్ము) ఊడింది. అందుకే ఇందులో ఎగరేయడం గురించి తక్కువ, ఎగరేసే ముందు చూసుకోవాల్సిన వాటి గురించి ఎక్కువ ఉంటుంది, కాస్త ఓపిగ్గా చదవండి. విమానం పోతే మళ్లీ కట్టుకోవచ్చు, నిమిషానికి ఏడెనిమిది వేల సార్లు తిరిగే ప్రాప్, అంటే ముక్కున ఉండే ప్రొపెల్లర్, వేలికి తగిలితే మాత్రం ఆ వేలు మళ్లీ కొనుక్కోలేం.

నేను చెప్పేదంతా మన దగ్గర ఎక్కువమంది మొదలుపెట్టే రకం గురించి. 1200 మిల్లీమీటర్ల పొడవు రెక్క, వెడల్పు 200 మిల్లీమీటర్లు, రెక్క బాడీకి పైన ఉండే ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం), డెప్రాన్ ఫోమ్ షీట్‌తోనో కోరోప్లాస్ట్ అనే ప్లాస్టిక్ షీట్‌తోనో చేసింది. ఏ2212 1000 కేవీ మోటర్ (ఇక్కడ కేవీ అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లో), 30 ఆంపియర్ల ఈఎస్సీ (మోటర్ స్పీడ్ కంట్రోలర్), 10 అంగుళాల ప్రాప్, నాలుగు 9 గ్రాముల సర్వోలు (ఏలరాన్లనీ తోక పలకలనీ కదిపే చిన్న మోటర్లు), ఫ్లైస్కై ఐ6 లాంటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. అంతా కలిపి 800 గ్రాముల లోపు వచ్చేలా చూస్కోండి, ఆ మోటర్ ఇంచుమించు ఆ బరువంత లాగుతుంది కాబట్టి ట్రైనర్‌కి సరిపోయి ఇంకా మిగులుతుంది.

ముందు ప్రాప్ సంగతి. ఇంట్లో బ్యాటరీ కనెక్ట్ చేస్తున్నారంటే ప్రాప్ విప్పేసి పక్కన పెట్టి ఉండాలి, "ఒక్క నిమిషమే కదా" అన్నా సరే విప్పాల్సిందే. మూడేళ్ల కిందట నేనూ మా మేనల్లుడూ డైనింగ్ టేబుల్ మీద సర్వోలు సెంటర్ చేస్తున్నాం, వాడప్పుడు ఇంటర్ ఫస్టియర్. ప్రాప్ విప్పడానికి బద్ధకం వేసి అలాగే బ్యాటరీ పెట్టేశా. రేడియో వాడి పక్కనుంది, స్క్రూడ్రైవర్ అందుకోబోతే వాడి మోచెయ్యి థ్రాటిల్ (మోటర్ స్పీడ్) స్టిక్‌కి తగిలింది, విమానం టేబుల్ మీద ఒక్కసారి ముందుకి దూకింది, నేను ఆలోచించకుండా ముక్కు పట్టుకోబోయా. చూపుడు వేలి గోరు నిలువునా చీలి మూడు కుట్లు పడ్డాయి. వాడు వణికిపోతూ "మావయ్యా నేనే, నా చెయ్యే తగిలింది" అని ఒకటే ఏడుపు. తప్పు వాడిది కాదు, ప్రాప్ విప్పని నాది. విమానం దూకితే చెయ్యి దానంతటదే వెళ్లిపోతుందండి, మెదడుకి టైం ఉండదు, అందుకే మెదడు పనిచేసేటప్పుడే ప్రాప్ విప్పేయాలి.

మోటర్ ఏ వైపు తిరుగుతుందో కూడా ప్రాప్ లేకుండానే చూడొచ్చు, షాఫ్ట్‌కి చిన్న టేప్ ముక్క జెండాలా అంటించి కొంచెం థ్రాటిల్ ఇవ్వండి. ముక్కున మోటర్ ఉన్న విమానానికి వెనక నుంచి చూస్తే మామూలు ప్రాప్ గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరగాలి. ఉల్టా తిరిగితే మోటర్‌కీ ఈఎస్సీకీ మధ్యనున్న మూడు వైర్లలో ఏవో రెండు మార్చి పెట్టండి చాలు. ఫీల్డ్‌లో ప్రాప్ బిగించేటప్పుడు దాని మీద సైజు అచ్చువేసిన వైపు విమానం వెళ్లే దిక్కుకి ఉండాలి, తిరగేసి పెట్టినా గాలి వస్తుంది గానీ లాగుడు బాగా తగ్గిపోతుంది, అప్పుడు మోటర్ వీకేమో అని జనం బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు. అంచు విరిగిన ప్రాప్ని సూపర్ గ్లూతో అంటించి వాడొద్దు, పారేయండి, అది 100 రూపాయల వస్తువు. మోటర్ టెస్ట్ చేసేటప్పుడు ప్రాప్‌కి పక్కన కూడా నిలబడొద్దు, విరిగితే ముక్క పక్కకే ఎగురుతుంది, విమానం వెనక నిలబడండి.

ఆన్ చేసే ఆర్డర్ ఎప్పుడూ ఒకటే: థ్రాటిల్ కిందకి, రేడియో ఆన్, తర్వాత విమానం బ్యాటరీ. ఆఫ్ చేసేటప్పుడు ముందు విమానం బ్యాటరీ పీకి తర్వాత రేడియో ఆఫ్. ఇది ఫ్రెండ్స్‌తో మాట్లాడుతూ చేసినా తప్పు పోకూడదు, అంతగా అలవాటైపోవాలి. మీ రేడియోలో థ్రాటిల్ కట్ స్విచ్ పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి, మోటర్ టెస్ట్‌కీ విసరడానికీ తప్ప విమానం చేతిలో ఉన్నంతసేపూ ఆ స్విచ్ కట్‌లోనే ఉండాలి.

ఫెయిల్‌సేఫ్ చాలామంది సెట్ చేయరు, అదే నాకు బాధ. సిగ్నల్ పోతే రిసీవర్ (విమానంలో రేడియో సిగ్నల్ అందుకునేది) ఏం చేయాలో చెప్పేది అదే, థ్రాటిల్ జీరోకి వచ్చేలా పెట్టాలి. పెట్టాక నమ్మేయకండి, ప్రాప్ విప్పి, థ్రాటిల్ సగం ఇచ్చి, మోటర్ తిరుగుతుండగా రేడియో ఆఫ్ చేయండి. ఒకటి రెండు సెకన్లలో మోటర్ ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఆ విమానం రేపు సిగ్నల్ పోయినప్పుడు ఫుల్ స్పీడ్‌లో ఊరి మీదకి వెళ్తుంది.

ఇప్పుడు కంట్రోల్స్. విమానం తోక మీ వైపు ఉండేలా పెట్టుకుని దాని వెనక నిలబడండి. ఏలరాన్ స్టిక్ కుడికి తిప్పితే కుడి రెక్క ఏలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందకి దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ (తోక అడ్డ రెక్కకున్న పలక) పైకి లేవాలి. రడ్డర్ స్టిక్ కుడికి తోస్తే రడ్డర్ (తోక నిలువు రెక్కకున్న పలక) కుడికి వెళ్లాలి. ఇవి తెలుసు కదా అనుకుంటాం, నాకూ తెలుసు, అయినా ఒక విమానం పోగొట్టుకున్నా. ముందు రోజు రేడియోలో ఇంకో మోడల్ మెమరీ సెలెక్ట్ చేసి ఉంది, దాంట్లో ఏలరాన్ ఛానల్ రివర్స్‌లో ఉంటుంది, మార్చడం మర్చిపోయా. ఫీల్డ్‌లో స్టిక్‌లు అటూ ఇటూ తిప్పి ఏలరాన్లు కదులుతున్నాయి కదా అని చూశాను తప్ప ఏ వైపుకి కదులుతున్నాయో చూడలేదు. విసరగానే కొంచెం ఎడమకి వాలింది, నేను కుడి ఇచ్చా, ఇంకా ఎడమకి వాలింది, ఇంకా కుడి ఇచ్చా, అంతే, నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. అందుకని ఇప్పుడు నోటితో పైకే అంటా, "కుడి, కుడిది లేచింది, ఎడమ, ఎడమది లేచింది", పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని కూడా చూడమంటా.

ఎంత కదలాలి అంటే మొదటి ఫ్లైట్‌కి ఏలరాన్ పైకీ కిందకీ 10 నుంచి 12 మిల్లీమీటర్లు, ఎలివేటర్ కూడా అంతే, స్కేలు పెట్టి కొలవండి. 30 శాతం ఎక్స్‌పో పెడితే స్టిక్ మధ్యలో కొంచెం మెత్తగా ఉంటుంది, కొత్త చేతికి మంచిది. సర్వో సెంటర్‌లో ఉన్నప్పుడు దాని ఆర్మ్ పుష్‌రాడ్‌కి (సర్వోని హార్న్‌కి కలిపే కడ్డీ) 90 డిగ్రీల్లో ఉండాలి, రేడియో ట్రిమ్‌లు (స్టిక్ మధ్యస్థానాన్ని కొద్దికొద్దిగా సర్దే బటన్లు) సున్నాలో ఉండాలి, తేడా ఉంటే ట్రిమ్‌తో కాకుండా పుష్‌రాడ్ పొడవు మార్చి సరిచేయండి, లేకపోతే రేపు గాల్లో ట్రిమ్ చేయడానికి చోటు మిగలదు. సైకిల్ స్పోక్‌ని పుష్‌రాడ్‌గా వాడేవాళ్లు చాలామందిమి ఉన్నాం, బాగా పనిచేస్తుంది, కాకపోతే స్పోక్ బరువు, తోక దాకా రెండు స్పోక్‌లు అంటే విమానం బరువు వెనక్కి లాగుతుంది, గుర్తుంచుకోండి.

గ్లూ గురించి మన ఎండల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హాట్ గ్లూ రాత్రి ఇంట్లో రాయిలా ఉంటుంది, మే నెలలో గుంటూరు ఎండలో కారు డిక్కీలో రెండు గంటలు ఉంచాక వెళ్లి మోటర్ మౌంట్ వేలితో కదిపి చూడండి, జామ్ లాగా కదులుతుంది. మోటర్ మౌంట్, కంట్రోల్ హార్న్‌లు, రెక్క మధ్య జాయింట్, ఈ మూడూ ఎపాక్సీతోనే, మిగతాచోట్ల హాట్ గ్లూ సరే. మామూలు సూపర్ గ్లూ డెప్రాన్‌ని, థర్మోకోల్‌ని తినేస్తుంది, ఫోమ్‌కి పనికొచ్చే రకం వేరే దొరుకుతుంది, కొత్త గ్లూ ఏదైనా ముందు పనికిరాని ముక్క మీద వేసి చూడండి. అంటించినవన్నీ ఆరాక ఒక్కోదాన్నీ పట్టుకుని లాగాలి, మొహమాటపడకుండా లాగండి, చేతికి ఊడేది గాల్లో కచ్చితంగా ఊడుతుంది. రెక్కని రబ్బరు బ్యాండ్లతో కడితే కనీసం ఎనిమిది వేయండి, చివరి రెండూ ఇంటూ గుర్తులా అడ్డంగా. ఎండ తగిలిన బ్యాండ్ సాగదీస్తే దాని మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, అలాంటివి వాడొద్దు, మిగిలినవి టాల్కం పౌడర్ చల్లి డబ్బాలో పెడితే ఎక్కువ కాలం వస్తాయి.

సీజీ అంటే బరువు కేంద్రం, విమానాన్ని ఎక్కడ పట్టుకుంటే తిన్నగా ఆగుతుందో ఆ చోటు. ఈ ట్రైనర్‌కి రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర ఉండాలి, అంటే 200 మిల్లీమీటర్ల రెక్కకి 50 నుంచి 60 మిల్లీమీటర్లు. రెక్క కింద బాడీకి అటూ ఇటూ పెన్నుతో గీతలు పెట్టుకోండి, బ్యాటరీతో సహా అన్నీ పెట్టి, ఎగరబోయే స్థితిలో ఆ గీతల దగ్గర రెండు చూపుడు వేళ్ల మీద ఎత్తండి. తిన్నగా ఉండాలి, లేదా ముక్కు ఒక్క పిసరు కిందకి వాలాలి. తోక వాలితే ఎగరేయొద్దు. తోక బరువున్న విమానం ఎలివేటర్ కొంచెం ఇవ్వగానే ముక్కు లేపి, వెంటనే వాలిపోయి, చేతికి దొరకదు, అనుభవం ఉన్నవాళ్లకి కూడా కష్టమే. ముక్కు కొంచెం బరువైతే మటుకు స్పీడ్ ఎక్కువ కావాలంతే, మాట వింటుంది. ముందు బ్యాటరీని ముందుకి జరిపి చూడండి, అది చాలకపోతేనే ముక్కులో బరువు పెట్టండి. బ్యాటరీ చోటు కుదిరాక అక్కడ గీత గీసి, వెల్క్రో కిందా, స్ట్రాప్ పైనా రెండూ వేయండి, విమానం తిరగేసి ఊపితే అంగుళం కూడా కదలకూడదు.

లైపో బ్యాటరీని 1సీ కరెంట్‌తో, అంటే 2200 ఎంఏహెచ్ అయితే 2.2 ఆంపియర్లతో, బ్యాలెన్స్ మోడ్‌లో (సెల్‌లన్నీ సమానంగా నిండేలా) ఛార్జ్ చేయండి. ఫుల్ అంటే సెల్‌కి 4.2 వోల్టులు, మొత్తం 12.6. గచ్చు మీద పెట్టి చేయండి, పరుపు మీదా సోఫా మీదా వద్దు, రాత్రి ఛార్జ్‌కి పెట్టి నిద్రపోవద్దు. మా ఇంట్లో బ్యాటరీలు మట్టి కుండలో ఇసుక మధ్య ఉంటాయి, మా అమ్మ పచ్చళ్ల కుండ ఇచ్చింది. ఉబ్బిన బ్యాటరీ ఏదైనా "ఒక్క ఫ్లైట్‌కి వస్తుంది" అని వాడొద్దు, చిన్న 12 వోల్టుల బల్బు తగిలించి ఇంటి బయట పూర్తిగా దించేసి ఈ-వేస్ట్‌కి ఇచ్చేయండి. వంద, నూటేభై రూపాయల చిన్న లో వోల్టేజ్ బజర్ దొరుకుతుంది, బ్యాలెన్స్ వైర్‌కి పెట్టి సెల్‌కి 3.5 వోల్టులకి సెట్ చేస్తే అది అరిచినప్పుడు దిగిపోవచ్చు.

ఇక చోటు. ఎగరేసేముందు ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఫీల్డ్ ఏ జోన్‌లో ఉందో చూడండి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా పర్మిషన్ అక్కర్లేదు, ఎయిర్‌పోర్ట్ సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అది 200 అడుగులే, ఎల్లో జోన్‌లో ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పర్మిషన్ కావాలి, రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా కుదరదు. హైదరాబాద్ వాళ్లయితే శంషాబాద్, బేగంపేట్, హకీంపేట్, దుండిగల్ నాలుగూ చుట్టూ ఉన్నాయి కాబట్టి ఇంటి వెనక ఖాళీ స్థలం కదా అని ఎప్పుడూ అనుకోవద్దు, సిటీ దాటి చాలా దూరం రావాల్సిందే. మీటింగులూ వీఐపీల రాకపోకలూ ఉన్నప్పుడు పోలీసులు కొన్ని రోజులు ఎగిరేవన్నీ ఆపేస్తుంటారు, అది కూడా చూస్కోండి. మొదటి ఫ్లైట్‌కి 120 మీటర్లు కూడా అక్కర్లేదు, 40, 50 చాలు.

మా వైపు వరి కోతలయ్యాక మడి ఖాళీగా కనపడుతుంది, కానీ డెల్టాలో కోతకి ముందే మినుము చల్లేస్తారు, దూరం నుంచి చూస్తే మోళ్లే కనిపిస్తాయి, దగ్గరకెళ్తే మొలకలుంటాయి. రైతుని అడగకుండా దిగొద్దు. అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, మాకొకాయన గట్టు మీద కూర్చుని ఫ్లైట్ అయ్యేదాకా చూసి "అబ్బాయ్, ఇది మందు కొడుతుందా" అని అడిగాడు. తెలంగాణలో ఎండాకాలం నీళ్లు పోయిన చెరువు భూములు బాగుంటాయి, మట్టి మెత్తగా, చెట్లు లేకుండా. 11 కేవీ కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ముందే నడిచి చూడండి, వైర్లు కింద నుంచి కనపడతాయి గానీ విమానం వైర్‌కి ముందుందో వెనకుందో తెలీదు. చుట్టూ రోడ్డు, పశువులు మేసే చోటు, పిల్లలు క్రికెట్ ఆడే చోటు ఉంటే వేరే చోటు వెతకండి. సంక్రాంతి రోజుల్లో అసలు వద్దు, మాంజా ప్రాప్‌కి చుట్టుకుంటే మోటర్ ఆగిపోతుంది, ఆకాశంలో అది కనపడదు. బూట్లు వేసుకోండి, పొలంలో పాములుంటాయి.

తెల్లారి ఆరున్నరకి ఫీల్డ్‌లో ఉండాలి, ఎనిమిది దాటితే గాలి లేస్తుంది. గుప్పెడు ఎండు మట్టి వదిలితే మీ కాళ్ల దగ్గరే పడాలి, అడుగున్నర దూరం వెళ్లి పడుతుంటే ఆ రోజు టీ తాగి ఇంటికొచ్చేయండి. కనీసం ఇద్దరు వెళ్లండి, ఒకరు ఎగరేస్తే ఇంకొకరు విసరాలి, విసిరాక కుక్కలు గానీ మనుషులు గానీ వస్తున్నారేమో చుట్టూ చూడాలి. కొంచెం ఇసుక, నీళ్లు, బ్యాండేజీ బ్యాగ్‌లో ఉండాలి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా మీ వెనక నిలబడాలి, విమానం ఎప్పుడూ మీ ముందు వైపే ఎగరాలి. పిల్లలు పరుగెత్తుకొస్తారు, వాళ్లని తిట్టకుండా ముందే పిలిచి గీత గీసి "దీని వెనకే నిలబడాలి, దిగాక అందరికీ చూపిస్తా" అనండి, వింటారు.

రేంజ్ టెస్ట్ ఫీల్డ్‌లోనే. రేడియోలో పవర్ తగ్గించే రేంజ్ చెక్ మోడ్ ఉంటే అది ఆన్ చేసి 30 అంగలు వేసి దూరం వెళ్లండి, అది లేకపోతే ఫీల్డ్ చివరి దాకా నడవండి. ఫ్రెండ్ విమానాన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి, మీరు స్టిక్‌లు తిప్పుతుంటే సర్వోలు వణక్కుండా కదలాలి, ఒకసారి మోటర్ ఆపి, ఇంకోసారి మోటర్ తిప్పుతూ. మోటర్ తిప్పినప్పుడే వణుకు వస్తే రిసీవర్‌నీ యాంటెన్నాలనీ ఈఎస్సీ నుంచి దూరంగా జరపండి. రిసీవర్ యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి ఎల్ ఆకారంలో ఉండాలి, వైర్ పొడవుగా ఉందని కత్తిరించొద్దు. తర్వాత కంట్రోల్స్ ఇంకోసారి, నోటితో అంటూ.

ఇప్పుడు విసరడం. విసిరేవాళ్లు గాలి వచ్చే వైపుకి ముఖం పెట్టి, రెక్క కింద సీజీ దగ్గర బాడీ పట్టుకుని, చెయ్యి ప్రాప్‌కి బాగా వెనక ఉండేలా చూస్కుని, ముక్కు తిన్నగా, ఈటె విసిరినట్టు తోయాలి. ఆకాశంలోకి విసరొద్దు, అందరూ చేసేది అదే, ముక్కు పైకి పెట్టి విసిరితే స్పీడ్ రాకముందే ఆగి కూలిపోతుంది. మీరు ముప్పావు థ్రాటిల్ ఇచ్చి "వదులు" అనాలి, ఆ మాట ముందే అనుకోండి, "రెడీనా" "ఊఁ" లతో పని కాదు. వదిలాక ఒక్క సెకను ఎలివేటర్ ముట్టుకోకండి, స్పీడ్ అందుకోనివ్వండి. మోటర్ తిరిగే బలానికి ఎడమకి కొంచెం వాలుతుంది, కుడి స్టిక్ కొంచెం రెడీగా ఉండాలి. తర్వాత నిదానంగా, ఏటవాలుగా పైకి తీసుకెళ్లండి.

40 మీటర్లు దాటాక థ్రాటిల్ సగానికి తగ్గించి, గాలికి ఎదురుగా తిన్నగా పోనిచ్చి చేతులు వదిలి చూడండి, ఎటు పోతోందో దానికి వ్యతిరేకంగా ట్రిమ్ ఒకటి రెండు క్లిక్కులు. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అందరూ అక్కడే తడబడతారు, దానికి మా గుంపులో చెప్పుకునే చిట్కా ఉంది: ఏ రెక్క కిందకి వాలిందో స్టిక్‌ని ఆ వైపుకే తోయండి, మోకాలు పెట్టి ఆపినట్టు. వచ్చే విమానానికి ఇది ఎప్పుడూ పనిచేస్తుంది. ఇంటి దగ్గర సిమ్యులేటర్‌లో ఇది ఒక్కటి వారం రోజులు చేసి రండి చాలు.

ఎత్తులో ఉన్నప్పుడే ఒకసారి థ్రాటిల్ పూర్తిగా తీసేసి, ఎలివేటర్ నిదానంగా లాగుతూ ఎప్పుడు స్టాల్ అవుతుందో, అంటే స్పీడ్ చాలక రెక్క మోయడం ఎప్పుడు ఆపేస్తుందో చూడండి, తిన్నగా ముక్కు వాల్చిందా, ఒక రెక్క పక్కకి పడిందా. లాండింగ్‌కి ఎంత స్పీడ్ దాకా తగ్గొచ్చో చెప్పేది ఇదే, దీన్ని నేల దగ్గర తెలుసుకోకూడదు. గద్దలు చుట్టుముడితే పోటీ పడకుండా కిందకి దిగిపోండి, వాటి గూడు దగ్గర్లో ఉండొచ్చు.

టైమర్ 5 నిమిషాలకి పెట్టుకోండి, ఇంకా బ్యాటరీ ఉన్నా సరే దిగండి, మొదటి ఫ్లైట్‌లో ఒకటికి రెండు సార్లు లాండింగ్ ట్రై చేసే బ్యాటరీ మిగలాలి. గాలికి ఎదురుగా, దూరం నుంచే లైన్‌లో పెట్టి, ఎత్తుని థ్రాటిల్‌తో తగ్గిస్తూ రండి. ఎత్తు ఎక్కువైతే తోసి దింపొద్దు, థ్రాటిల్ ఇచ్చి చుట్టూ తిరిగి మళ్లీ రండి. మోకాలి ఎత్తుకి వచ్చాక థ్రాటిల్ జీరో, ఎలివేటర్ కొంచెం కొంచెం లాగండి.

పడిపోతోందని తెలిస్తే ముందు చేయాల్సింది ఒకటే, థ్రాటిల్ జీరో. మనిషికి తగిలినా, తిరగని ప్రాప్ అయితే దెబ్బ తగ్గుతుంది. పడిన చోటుకి రేడియో ఆన్‌లోనే పట్టుకెళ్లి ముందు బ్యాటరీ పీకండి, దెబ్బ తగిలిన బ్యాటరీని వెంటనే కారులో పెట్టకుండా అరగంట ఇసుక మీద దూరంగా ఉంచండి, కాసేపయ్యాక కూడా మంట అంటుకోవచ్చు. కరెంటు వైర్ల మీదో ట్రాన్స్‌ఫార్మర్ మీదో పడితే కర్రతో తీయబోవద్దు, లైన్‌మన్‌ని పిలవండి, విమానం అక్కడే ఉండనివ్వండి.

ఇంటికొచ్చాక బ్యాటరీలోకి ఎంత ఎంఏహెచ్ తిరిగి ఎక్కిందో ఛార్జర్ చూపిస్తుంది, అది రాసి పెట్టుకోండి, 5 నిమిషాలకి 900 ఎక్కితే రేపు ఎన్ని నిమిషాలు ఎగరొచ్చో లెక్క మీకే తెలుస్తుంది. ట్రిమ్ ఎన్ని క్లిక్కులు పోయిందో చూసి పుష్‌రాడ్‌తో సరిచేసి ట్రిమ్ మళ్లీ సున్నాకి తెండి. ఈ వారంలో మళ్లీ ఎగరేయట్లేదంటే బ్యాటరీని స్టోరేజ్ మోడ్‌లో సెల్‌కి 3.8 వోల్టులకి తెచ్చి కుండలో పెట్టేయండి.